జిప్సీకి లిఫ్టు, పెద్ద టైర్లు: ఆరేళ్లు నడిపాక స్టీరింగ్ సంగతి

దేవరకొండ దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. ఆఖరి నాలుగు కిలోమీటర్లకు తారు లేదు. సగం బండలు, సగం రేగడి, నడుమ ఒక వాగు. ఆ బాట కోసమే సెకండ్‌హ్యాండ్‌లో మారుతి జిప్సీ కొన్నాను. కొన్న నెలకే ముందూ వెనకా రెండంగుళాలు పొడుగు షాకిళ్లు (ఇరుసును మోసే పట్టీల స్ప్రింగు, అంటే కమాను, దాని కొసను ఛాసిస్‌కు తగిలించే ఇనప పట్టీలు) వేయించాను. అంత పొడుగు షాకిల్ వేసినా బండి లేచేది అంగుళమే. మిగతా ఎత్తు టైర్లు ఇచ్చాయి. 205/70 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే టైరు వ్యాసం 668 మిల్లీమీటర్ల నుంచి 733కు పెరుగుతుంది.

తోట బాట మీద ఈ మార్పుకు వంక పెట్టను. డిఫరెన్షియల్ (ఇరుసు నడుమ కిందికి ఉండే గేర్ల డబ్బా) బండకు తగలడం తగ్గింది, వాగులో భయం పోయింది. తిప్పలన్నీ తారు రోడ్డు మీద మొదలైనయ్.

ఏడాది తిరిగాక ఒకరోజు నల్లగొండ వస్తుంటే, మీటరులో అరవై దగ్గర, ముందు ఎడమ చక్రం చిన్న గుంటలో పడింది. అంతే, స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకున్నట్టు కుడికీ ఎడమకూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. డాష్‌బోర్డు అదిరింది, పక్కన మా ఆవిడ గట్టిగా అరిచింది. గట్టిగా పట్టుకుంటే ఆగేది కాదది. యాక్సిలరేటర్ వదిలి, నలభై కిందికి వచ్చాక తనంతట తానే ఆగింది. (పెద్ద టైర్ల వల్ల మీటరు తక్కువ చూపిస్తుంది. మీటరులో అరవై అంటే నిజానికి అరవై ఆరు.)

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు నేను చేసినవన్నీ తప్పు వరసలో చేశాను. ముందు వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్. తగ్గలేదు. ఒక షాపులో స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ బిగించి ప్లే (వదులు) తీసేశామన్నారు. ప్లే తగ్గింది గానీ మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి రావడం మానేసింది, రెండు చేతులతో నేనే తిప్పి తేవాల్సి వచ్చేది. చివరికి స్టీరింగ్ అదురును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్, అదే స్టీరింగ్ డ్యాంపర్ కొన్నాను. రెండు నెలలు హాయిగా నడిచింది. ఆ రెండు నెలలూ రోగం పోయిందనే నమ్మాను. మూడో నెలలో అదే రోడ్డు మీద, ఈసారి యాభై దగ్గరే మళ్లీ వచ్చింది.

దారి చూపింది నల్లగొండలో పాత జీపులు చేసే ఒక మేస్త్రీ. అందరూ చాచా అంటారు. బండి చూడకముందే అన్నాడు: "డ్యాంపర్ ఇప్పెయ్ బిడ్డా. అది ఉన్నంత సేపు ప్లే యాడుందో దొరకది."

నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమన్నాడు. తాను కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూశాడు. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ, అదే డ్రాగ్ లింక్, దాని బాక్సు వైపు ఎండ్ టిక్కు టిక్కుమంటోంది. అది ఒకటి. తర్వాత జాకీ ఎత్తి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదిలింది. "బ్రేకు తొక్కు" అన్నాడు. తొక్కినా కదులుతూనే ఉంది. బ్రేకు తొక్కగానే కదలిక పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్ పిన్ (చక్రం పక్కలకు తిరిగేందుకు ఇరుసు చివర ఉండే పిన్). ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఇంటి ముందు ఇద్దరు మనుషులుంటే చాలు. నాకు ఇది మొదట్లోనే తెలిసి ఉంటే ఏడాదిన్నర పోయేది కాదు.

నకిల్ (ఇరుసు చివర చక్రంతో పాటు తిరిగే భాగం) విప్పితే గ్రీజు చాయ్ రంగులో ఉంది. వాగు నీళ్లు సీల్ దాటి లోపలికి పోయాయి. కింగ్ పిన్ బేరింగ్ కప్పు తుడిచి నా చేతిలో పెట్టాడు. వరసగా సన్నని గీతలు, గోరు పెడితే ఆగుతోంది. చక్రం నేరుగా ఉన్నప్పుడు రోలర్లు కూర్చునే చోటే అరిగింది. కొత్త బేరింగ్‌లు, సీళ్లు వేసి, షిమ్‌లు (సందు సరిచేసే పలచని రేకులు) ఒక్కొక్కటే తీస్తూ, చేపలు తూచే చిన్న కొక్కెం కాటాను నకిల్ చేతికి తగిలించి గుంజి, బిగువు చూశాడు. రెండు వైపులా ఒకేలా వచ్చేదాకా వదల్లేదు. స్టీరింగ్ బాక్సు స్క్రూను కూడా వెనక్కి తిప్పాడు.

ఊగుడు పోయింది కానీ బండి రోడ్డు మీద ఇంకా తేలుతున్నట్టే ఉండేది. అది నా షాకిళ్ల పని. షాకిల్ ముందు కొసన ఉంటుంది కాబట్టి అది పొడుగైతే కమాను ముందు కొస కిందికి దిగి, హౌసింగ్ (ముందు ఇరుసు గొట్టం) ముందుకు వంగి, కాస్టర్ తగ్గిపోతుంది. కాస్టర్ అంటే కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం, స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చేది అదే. కమానుకూ హౌసింగ్‌కూ మధ్య ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా ఉండే వాలు షిమ్‌లు పెట్టించాను. జిప్సీలో కమాను హౌసింగ్ కింద ఉంటుంది, అందుకని మందం వైపు ముందుకు రావాలి. తిరగేసి పెడితే ఉన్న కాస్టర్ కూడా పోతుంది. ఇప్పుడు మన్ననూరు దాటి దోమలపెంట వైపు మలుపుల్లో చేయి వదులు చేస్తే స్టీరింగ్ తానే మధ్యకు వస్తుంది. దీనికి బదులుగా ముందు ఇరుసుకు ఇంజన్ బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ జాయింటు కోణం పెరిగింది. ఫోర్ వీల్ వేసి కొంచెం వేగం పెంచితే కింద సన్నగా వణుకు తెలుస్తుంది. నాకు ఆ బేరం సమ్మతమే.

కొత్తగా చేయించుకునేవాళ్లకు నా సలహా: టైర్లు మాత్రమే మార్చండి, అదీ ఒక సైజు పెంచి ఆగండి. షాకిళ్లు ఇచ్చే అంగుళానికి ఇంత స్టీరింగ్ పని నాకు గిట్టుబాటు కాలేదు. పైగా ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఈ సంగతి నాకు బిగించిన షాపువాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

డ్యాంపర్ మళ్లీ బిగించాను, బండల మీద చేతికి తగిలే దెబ్బ తగ్గుతుంది. బాట మీద టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించినా తారెక్కే ముందు నింపుతున్నాను. మూడేళ్లుగా ఊగుడు ఒక్కసారీ రాలేదు. వానలు పడకముందే నకిల్ సీళ్లు మార్చాలి, కొని తోట గదిలో పెట్టాను.