నాలుగేళ్లు వాడాక: ఇన్సులిన్‌కు గినీ పంది యాంటీబాడీ

పుటికల (క్లోమంలో ఇన్సులిన్ వంటి హార్మోన్లు చేసే కణాల గుంపులు) మీద పనిచేసేవారికి ఈ పాలీక్లోనల్ యాంటీబాడీ (ఇన్సులిన్‌ను పట్టుకుని రంగుతో చూపించే, గినీ పందిలో తయారైన పలు రకాల యాంటీబాడీల మిశ్రమం) కొత్త కాదు కాబట్టి డేటా షీట్‌లోని సంగతులు వదిలేస్తున్నాను. నాకు దీని మీద అంత ఇష్టం దీని వెలుగు వల్ల. చిట్టెలుక క్లోమం సెక్షన్ మీద మొదటిసారి వేసి మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు, చీకట్లో నిప్పుకణికలు పోసినట్టు పుటికలు కనిపించాయి. చుట్టూ ఉన్న కణజాలంలో మచ్చ లేదు.

అంతకు ముందు మేం వాడింది చిట్టెలుకలో తయారైన మోనోక్లోనల్ (ఒకే రకం యాంటీబాడీ). చిట్టెలుక కణజాలం మీద దాన్ని వేస్తే, సెకండరీ (మొదటి యాంటీబాడీకి అతుక్కుని వెలిగే యాంటీబాడీ) ఆ జంతువు సొంత యాంటీబాడీలను కూడా పట్టుకుంటుంది. బ్లాకింగ్ (అనవసరంగా అంటుకోకుండా ముందే అడ్డుకోవడం) ఎంత చేసినా మసక పోయేది కాదు. గినీ పందితో ఆ బెడద లేదు. గ్లూకగాన్‌కు (ఆల్ఫా కణాలు చేసే హార్మోన్) కుందేలు యాంటీబాడీ జత చేస్తే చాలు, నడుమ ఇన్సులిన్ చేసే బీటా కణాల ఎరుపు, అంచున ఆల్ఫా కణాల ఆకుపచ్చ, రెండూ ఒకే స్లైడ్‌లో విడివిడిగా తేలతాయి.

గినీ పంది ఇన్సులిన్ మిగతా క్షీరదాల ఇన్సులిన్‌కు చాలా భిన్నం. పంది ఇన్సులిన్‌కూ మనిషి ఇన్సులిన్‌కూ 51 అమైనో ఆమ్లాల్లో తేడా ఒక్కటే, కానీ గినీ పంది శరీరానికి రెండూ పరాయివే. అందుకే అంత గట్టి యాంటీబాడీలు చేస్తుంది. 1960లో శాస్త్రవేత్తలు యాలో, బెర్సన్ మనిషి రక్తంలో ఇన్సులిన్‌ను కొలవడానికి వాడింది కూడా గినీ పంది సీరమే.

రెండో ఏడు మానవ మూలకణాలను బీటా కణాలుగా మార్చే పనికి దీన్నే వాడాను. మూడో వారానికి డిష్ నిండా ఎరుపు! పోస్టర్‌కు చిత్రం కూడా ఎంచి పెట్టుకున్నాను. ఒక సాయంత్రం మా జూనియర్, మిగిలిపోయిన కంట్రోల్ బావులకు (పోలిక కోసం మార్చకుండా ఉంచిన కణాలున్న గుంటలకు) కూడా రంగు వేసి నన్ను పిలిచింది. "అక్కా, మార్చని కణాలు కూడా వెలుగుతున్నాయి, చూడండి" అంది. కంట్రోల్‌కు పోసింది కూడా అదే మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం). అందులో మేం కలిపే బీ27 అనే పోషక మిశ్రమంలో ఇన్సులిన్ ఉంటుంది. కణాలు దాన్ని మింగాయి, యాంటీబాడీ దాన్ని పట్టి చూపించింది.

మర్నాడు సీ-పెప్టైడ్ యాంటీబాడీ అరువు తెచ్చి వేశాను. కణం ఇన్సులిన్‌ను తానే తయారుచేస్తే ప్రోఇన్సులిన్ (ఇన్సులిన్‌కు ముందు రూపం) తెగినప్పుడు సీ-పెప్టైడ్ ముక్క కూడా రావాలి. సీసాలోంచి పోసిన ఇన్సులిన్‌తో అది రాదు. మానవ క్లోమం సెక్షన్ చక్కగా వెలిగింది, నా డిష్ చీకటిగానే ఉంది. పాత చిత్రాలు మళ్లీ తెరిస్తే, అన్నిటికన్నా ఎర్రగా ఉన్నవి ముడుచుకుపోయి చనిపోతున్న కణాలే. ఇలా జరుగుతుందని 2003లోనే సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ వ్యాసం నేను చదివాను కూడా. నా డిష్‌కు అది వర్తిస్తుందని మాత్రం తట్టలేదు. ఆ రాత్రి హాస్టల్‌కు వెళ్లి అన్నం తినలేకపోయాను.

యాంటీబాడీది తప్పని అనలేను. ఇన్సులిన్‌ను చూపించడమే దాని పని, అది చూపించింది. కానీ నేను మెచ్చుకున్న ఆ వెలుగు కల్చర్ కణాల దగ్గర అంత నమ్మదగినది కాదు. "మచ్చ లేదు" అన్న మాట కూడా మొదటి రెండు లాట్ల (తయారీ విడతల) వరకే. మూడో లాట్‌కు అదే 1:500 పలచన దగ్గర బ్యాక్‌గ్రౌండ్ కనిపించింది, డైల్యూషన్ మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది. పాలీక్లోనల్ కాబట్టి లాటు మారినప్పుడల్లా ఒక రోజు పోతుందనుకోవాలి.

వెస్టర్న్ బ్లాట్‌కు (ప్రోటీన్లను విడదీసి గుర్తించే పద్ధతి) నేను వాడలేదు. మీ పని ముఖ్యంగా క్లోమం సెక్షన్లే అయితే, నా అనుభవం మేరకు, నిశ్చింతగా కొనవచ్చు. మూలకణాలైతే మీ మీడియంలో ఏముందో, మీ గ్రాంటులో సీ-పెప్టైడ్ యాంటీబాడీకి కూడా చోటుందో చూసుకోండి. మాకు ఆ ఏడు లేదు, అందుకే అరువు తెచ్చాం. ఫ్రీజర్‌లో ఇంకా ఆరు ఆలిక్వాట్లు (చిన్న భాగాలుగా పంచి పెట్టినవి) ఉన్నాయి. అవి అయిపోయాక మళ్లీ ఇదే తెప్పిస్తాను, ఈసారి సీ-పెప్టైడ్‌తో కలిపి.