ఇన్‌స్టాల్-పీర్‌డెప్స్: పాత ప్రాజెక్టు ఉంటే తప్పక వాడండి

పాత రియాక్ట్ కోడ్ చూసుకునేవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ కోసం ఎయిర్‌బీఎన్‌బీ కాన్ఫిగ్ (రెడీమేడ్ రూల్స్ ప్యాకేజీ) ఒక్కటే కదా అని ఇన్‌స్టాల్ చేస్తాం, వెంటనే టెర్మినల్ నిండా వార్నింగులు. అసలు ఈఎస్‌లింట్ లేదంటుంది, ఇంపోర్ట్ ప్లగిన్ లేదంటుంది, రియాక్ట్, హుక్స్, జేఎస్‌ఎక్స్ యాక్సెసిబిలిటీ ప్లగిన్లూ లేవంటుంది. ఒక ప్యాకేజీ ఇలా తనతో పాటు ఉండాలని అడిగేవాటినే పీర్ డిపెండెన్సీలు, పొట్టిగా పీర్లు అంటారు. మొత్తం ఐదు, ఒక్కోదానికి ఏ వెర్షన్ సరిపోతుందో వెతికి చేత్తో టైప్ చేయాలి. నాకు ఒకసారి సాయంత్రమంతా దీనికే పోయింది. తర్వాత ఆ కాన్ఫిగ్ రీడ్‌మీ నిదానంగా చదివితే అందులోనే ఈ పనంతా చేసిపెట్టే ఇన్‌స్టాల్-పీర్‌డెప్స్ టూల్ పేరు ఉంది.

జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు వేసే ఎన్‌పీఎంతో పాటు 5.2 వెర్షన్ నుంచి వస్తున్న ఎన్‌పీఎక్స్ కమాండ్‌తో నడుపుతాం కాబట్టి దీన్ని విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. 'ఎన్‌పీఎక్స్ ఇన్‌స్టాల్-పీర్‌డెప్స్' అని కొట్టి, డెవ్ ఫ్లాగ్ పెట్టి, ప్యాకేజీ పేరు ఇస్తే చాలు. రిజిస్ట్రీలో (ప్యాకేజీలన్నీ ఉండే ఆన్‌లైన్ చోటులో) ఆ ప్యాకేజీ ఏమేం అడుగుతోందో చూసి, దానితో పాటు అవన్నీ సరిపోయే వెర్షన్లతో వేసేస్తుంది. నాకు బాగా నచ్చింది డ్రై రన్. ఏ కమాండ్ నడపబోతోందో ముందే చూపిస్తుంది, ఇంకా ఏదీ ముట్టుకోదు. వేరేవాళ్ల ప్రాజెక్టులో చెయ్యి పెట్టేటప్పుడు అది ఎంత ధైర్యమో! అసలు ప్యాకేజీ ఇప్పటికే ఉంటే పీర్లు మాత్రమే వేయమనొచ్చు. ఎన్‌పీఎంకి బదులు వాడే యార్న్‌కీ పీఎన్‌పీఎంకీ కూడా ఫ్లాగులున్నాయి.

ఇప్పుడు ఇది అవసరమా అంటే, కొత్త ప్రాజెక్టుల్లో పెద్దగా లేదు. ఎన్‌పీఎం 3 పీర్లను తనంతట తాను వేయడం మానేసి వార్నింగుతో సరిపెట్టింది, అందుకే ఇలాంటి టూల్స్ కావాల్సొచ్చాయి. 2020లో వచ్చిన ఎన్‌పీఎం 7 మళ్లీ తనే వేస్తోంది, పీఎన్‌పీఎం 8 కూడా అంతే. కానీ యార్న్ 1 మీద నడిచేవి ఇంకా చాలా ఉన్నాయి, అక్కడ మాత్రం ఇది లేకుండా నేను మొదలుపెట్టను. ఇంకో సంగతి, ఎన్‌పీఎం 7 పీర్లను నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో వేస్తుంది గానీ, ప్రాజెక్టుకి కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లో రాయదు. ఇన్‌స్టాల్-పీర్‌డెప్స్ రాస్తుంది. ఆర్నెల్ల తర్వాత టీమ్‌లోకి వచ్చినవాళ్లకి ఏ ప్లగిన్ ఏ వెర్షన్‌లో వాడుతున్నామో ఆ ఫైల్ చూస్తేనే తెలిసిపోతుంది.

దీని పరిధి చిన్నదని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇచ్చిన ఒక్క ప్యాకేజీ ఏం అడుగుతోందో అదే చూస్తుంది. మీ దగ్గరున్న వేరే ప్యాకేజీకి పాత ఈఎస్‌లింట్ కావాలి, దీనికి కొత్తది కావాలి అంటే ఆ తగువు ఇది తీర్చలేదు, మీరే కూర్చుని తేల్చుకోవాలి. అందుకే ముందు గిట్‌లో కమిట్ చేసి, డ్రై రన్ చూసి, ఆ తర్వాతే నడపండి.