‘హార్మోన్ బ్యాలెన్స్’ గమ్మీలు కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మా చెల్లికి 14 ఏళ్లు. పెద్దమనిషై రెండేళ్లయింది. నెలసరి ఒకసారి 40 రోజులకు, ఒకసారి 44 రోజులకు వస్తోంది. క్లాసులో మిగతావాళ్లకు నెలనెలా వస్తుందని విని, తనకేదో జబ్బుందని దిగులు పెట్టుకుంది. ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ పెట్టిన పది ప్రశ్నల ‘హార్మోన్ టెస్ట్’ చేసి, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య) అని వచ్చిందంటూ నా దగ్గర ఏడ్చింది. నేనూ కంగారుపడి, వాళ్లే అమ్మే గమ్మీలు (మిఠాయిలా నమిలే విటమిన్ బిళ్లలు) 90 రోజుల కోర్సు కొనిచ్చాను. తప్పు నాదే. ఇప్పుడు అదే పేజీ మీ ముందుంటే డబ్బు కట్టకండి.

రెండో నెలలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ బాగా తక్కువ, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ టీ4 ఎక్కువ. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందన్నట్టు ఉంది రిపోర్టు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డాక్టర్ మాత్రం మందు రాయకుండా, ‘ఇంకేమైనా వాడుతోందా?’ అని అడిగారు. గమ్మీలు మందు కాదు కదా అని మేం అంతవరకూ చెప్పనే లేదు. డబ్బా తెప్పించి చూస్తే బయోటిన్ అనే బి విటమిన్ 10,000 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకే రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు!

చాలా ల్యాబ్ పరీక్షల్లో రక్తంలోని హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌నే వాడతారట. ఒంట్లో అది మరీ ఎక్కువగా ఉంటే లెక్క తప్పుతుంది, కొన్ని అంకెలు తగ్గి, కొన్ని పెరిగి కనిపిస్తాయి. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి 2017లోనే హెచ్చరించింది, 2019లో మళ్లీ చెప్పింది. డాక్టర్ చెప్పినన్ని రోజులు గమ్మీలు ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తే అన్నీ మామూలే. లేని జబ్బుకు పిల్ల చేత మందులు మింగించేవాళ్లం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మరి ఆ 44 రోజుల సంగతి? మొదటిసారి వచ్చాక మూడేళ్లు నిండేదాకా 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలేనట. ఈ వయసులో అండాశయాల్లో చిన్న చిన్న ఫాలికల్స్ (అండం పెరిగే సంచులు) ఎక్కువగా ఉండటం కూడా సహజం, అందుకే స్కాన్ ఒక్కటే చూసి పీసీఓఎస్ అని తేల్చరు. ఇక పది ప్రశ్నలతో ఎలా తేలుతుంది? ఆ రాత్రి నేనే కూర్చుని, 28 రోజులకోసారి వస్తుంది, మొటిమల్లేవు, అవాంఛిత రోమాలు లేవు అని నింపాను. అప్పుడూ ‘హార్మోన్ల అసమతుల్యత’ అనే వచ్చింది, కింద అదే డబ్బా.

తెరిచిన డబ్బాను వెనక్కి తీసుకోవడం కుదరదని కంపెనీవాళ్లు చెప్పేశారు. పైగా మరుసటి నెల అడక్కుండానే డబ్బు కట్ అయింది. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆటోపే రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

డాక్టర్‌కు చూపించాల్సినవి వేరే ఉన్నాయి. 15 ఏళ్లు వచ్చినా నెలసరి మొదలుకాకపోవడం, మధ్యలో 90 రోజులు దాటిపోవడం, వారం దాటినా ఆగకపోవడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం, బడి మానేసేంత నొప్పి. వీటికి ఏ గమ్మీతోనూ కాలయాపన చేయకండి.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు రక్తపరీక్షకు వెళ్లేముందే డాక్టర్‌కు ఆ డబ్బా చూపించండి. ఎన్ని రోజులు ఆపాలో వాళ్లు చెబుతారు.