జర్మన్ జాతీయానికి ఇంగ్లీషు: మాటకు మాటా, జోడీ జాతీయమా, ఉత్త భావమా?

జర్మన్ నేర్చుకుని అనువాదాల్లోకి దిగిన మనవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. జర్మన్ జాతీయం ఎదురైతే ఉన్నదున్నట్టు దింపాలా, ఇంగ్లీషులో దానికో జోడీ వెతకాలా, భావం చెప్పేసి ముందుకు పోవాలా?

నేను ముందు చూసేది ఒక్కటే. ఆ మాట వింటే జర్మన్ మనిషి తలెత్తి చూస్తాడా? ‘ఇష్ ఫెర్‌ష్టే నూర్ బాన్‌హోఫ్’ అంటే అక్షరాలా ‘నాకు రైల్వేస్టేషనే అర్థమవుతోంది’. ఒక్క ముక్కా బుర్రకెక్కలేదని భావం. బెర్లిన్ బస్సులో ఎవరైనా అలా అంటే పక్కవాళ్లు పట్టించుకోరు. ఇంగ్లీషులో ఆ స్టేషన్ పెట్టారా, చదివేవాడు అక్కడే దిగిపోతాడు. మామూలు పాత్ర కాస్తా విదూషకుడైపోతుంది.

జోడీ దొరికితే హాయే. జర్మన్లు ఒక దెబ్బకు రెండు ఈగల్ని కొడతారు, ఇంగ్లీషువాళ్లు మనలాగే రెండు పిట్టల్ని. పేచీ లేదు. ‘డెన్ లోఫెల్ ఆప్‌గేబెన్’, అంటే చెంచా అప్పగించేయడం, చావు గురించి వెటకారంగా అనే మాట. ఇంగ్లీషు ‘కిక్ ద బకెట్’ (బకెట్ తన్నడం)లోనూ చావు మీద అదే వెటకారం ఉంది కాబట్టి అతుకుతుంది. కానీ ‘ఏథెన్స్‌కు గుడ్లగూబల్ని మోయడం’ (బోలెడున్న చోటికే అదే సరుకు మోసుకెళ్లడమని భావం) అనే జర్మన్ మాటకు ‘న్యూకాజిల్‌కు బొగ్గు మోయడం’ పెడితే? అర్థం కుదిరింది, ఊరు కుదరలేదు; ఒకప్పుడు బొగ్గుకు పేరుపడ్డ ఇంగ్లండ్ ఊరది. హాంబర్గ్ ముసలమ్మకు న్యూకాజిల్ బొగ్గుతో ఏం పని? ఆవిడ చేత తెలుగులో హనుమంతుడి ముందు కుప్పిగంతులనిపించినట్టే ఉంటుంది.

అందుకే నా ఓటు చాలాసార్లు మూడోదానికి. ‘డాస్ ఇస్ట్ మియా వుర్స్ట్’ (అక్షరాలా ‘అది నాకు సాసేజ్’, అంటే నాకేం పట్టదు)కు ‘ఐ డోంట్ కేర్’ చాలు, అందులోని సాసేజ్‌ను వదిలేయండి. పోయిన రంగును ఆ పాత్ర ఇంకో మాటలో రాబట్టుకోవచ్చు. అయితే ఆ మాట అన్నవాడు సాసేజ్‌ల కొట్టువాడై, తర్వాతి వాక్యం దానిమీదే చమత్కరిస్తే మాత్రం సాసేజ్ ఉండాల్సిందే.

మాటకు మాట ఎప్పుడూ ఓడుతుందని కాదు. స్నానపు నీళ్లతో పాటు బిడ్డనూ పారబోయడం (చెడ్డతో పాటు మంచినీ వదిలేసుకోవడం) అనే మాట జర్మన్‌ది. 1512లో వ్యంగ్య రచయిత థామస్ ముర్నర్ పుస్తకంలోనే ఉంది. ఇంగ్లీషులోకి అలాగే దిగి, ఇప్పుడు సొంత సామెతలా చలామణీ అవుతోంది. కాకపోతే అక్కడ పాతుకోవడానికి మూడు శతాబ్దాలు దాటింది, మన గడువు వచ్చే శుక్రవారం.

ఫుట్‌నోట్ సంగతా? పాఠ్యపుస్తకానికి సరే, కథకు వద్దు.