మారతహళ్ళి సెకండ్ హ్యాండ్ సైకిల్ షాపు: లేపాక్షి వెళ్ళొచ్చాక

బెంగళూరు నుంచి సైకిల్ మీద వెళ్దామనుకున్న లేపాక్షి దాదాపు 120 కిలోమీటర్లు. తారు రోడ్డు మీద సస్పెన్షన్ ఫోర్కు (కుదుపులు తగ్గించే ముందు ఫోర్కు) వట్టి బరువు. షాపు కుర్రాడు ఆ మాట తనే చెప్పి, మెరిసిపోతున్న ఎంటీబీని (కొండదారుల సైకిల్ని) పక్కకి నెట్టి, గీతలు పడ్డ స్టీల్ హైబ్రిడ్ (రోడ్డు బైకుకీ ఎంటీబీకీ మధ్య రకం సైకిల్) బయటికి తీశాడు. "గీతలు కాదన్నా, ఫ్రేము చూడండి" అన్నాడు. మదనపల్లె యాస వినగానే సగం టెన్షన్ పోయింది.

స్కేలు అడిగి చైను కొలిచాను. కొత్త చైనులో 12 జతల లింకులు పిన్ను నుంచి పిన్నుకి సరిగ్గా 12 అంగుళాలుంటాయి. ఇది అంగుళంలో ఎనిమిదో వంతు సాగింది. అంతలా సాగిందంటే వెనక క్యాసెట్ (వెనక చక్రం మీది గేరు పళ్ళచక్రాల గుత్తి) పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి. కుర్రాడు వాదించలేదు. రెండూ మార్చి, 14,000 చెప్పిన బండిని 13,000కే ఇచ్చాడు. నాకు బాగా నచ్చింది ఇదే.

క్యారియర్ బిగించే రంధ్రాలున్నాయి, టైర్లు 32 మిల్లీమీటర్ల వెడల్పువి. సీటు ఎత్తు కూడా నా కాళ్ళకి సరిపోయేలా ఓపిగ్గా సర్దిచ్చాడు.

బ్రేకు ప్యాడ్లు రాయిలా గట్టిపడ్డాయని మాత్రం చెప్పలేదు. దేవనహళ్ళి దాటాక వానలో బ్రేకు పట్టక గుండె గొంతులోకొచ్చింది. మీరు వెళితే ప్యాడ్లని గోరుతో నొక్కి చూడండి. గోరు దిగకపోతే అక్కడే మార్పించుకోండి.