జ్ఞానదంతం తీయించుకునే ముందు, నాలుగో రోజు ఎవరు చూస్తారో అడగండి

హైదరాబాద్‌లో జ్ఞానదంతం తీయించుకోవాలని చూస్తున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. "ఎక్స్‌రే, మందులతో కలిపి ఒకటే ప్యాకేజీ" అన్న ఆఫర్ చూసి నేను ముందే డబ్బు కట్టేశాను. పన్ను ముప్పావుగంటలో వచ్చేసింది. దవడ మాత్రం మూడు వారాలు నరకం చూపించింది.

కింద కుడివైపు చివరి పన్ను, అడ్డంగా మొలిచింది. చిగురు కోసి, కాస్త ఎముక అరగదీసి, పన్నును రెండు ముక్కలు చేసి తీశారు. మూడు కుట్లు పడ్డాయి. తీసిన డాక్టర్ మీద నాకు కోపం లేదు, ఆయన చెయ్యి మంచిదే. కానీ చేతికిచ్చిన కాగితంలో మందుల పేర్లు తప్ప ఒక్క జాగ్రత్త కూడా లేదు. ఆ సాయంత్రం నోట్లో రక్తం రుచి భరించలేక నాలుగైదుసార్లు గట్టిగా పుక్కిలించి ఉమ్మేశాను. మా తమ్ముడు కొబ్బరిబోండం తెస్తే స్ట్రా వేసుకుని తాగాను. వద్దని చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంటుంది. కింద ఉన్న ఎముకకీ నరాలకీ అదే రక్ష. గట్టిగా ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, సిగరెట్ తాగినా ఆ గడ్డ ఊడిపోవచ్చు. దాన్నే డ్రై సాకెట్ అంటారు. అందుకే మొదటి 24 గంటలు అసలు పుక్కిలించకూడదట. ఆ తర్వాత కూడా గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, ఊరికే కిందికి జారవిడవాలి. ఇదంతా నాకు తర్వాత వెళ్లిన రెండో డాక్టర్ చెప్పాకే తెలిసింది.

రెండు మూడు రోజులు వాపు పెరగడం, దవడ బిగుసుకోవడం నిజంగానే మామూలు. మామూలు నొప్పయితే ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. నాకు నాలుగో రోజు తెల్లవారుజామున ఎక్కువైంది. చెవిలోకి, కణతలోకి ఒకటే పోటు. నోరంతా చెడు వాసన. ఫోన్ లైట్ వేసి అద్దంలో చూసుకుంటే గుంట ఖాళీగా ఉంది, అడుగున పాలిపోయిన ఎముక కనిపిస్తోంది. మూడు వేళ్లు నిలువుగా పట్టే నోట్లో ఒక్క వేలే పట్టింది. మా ఆవిడ ఇడ్లీని సాంబారులో నలిపి పాపాయి చెంచాతో పెడితే, ఆ చెంచా కూడా పళ్లకు కొట్టుకుంది.

క్లినిక్‌కి ఫోన్ చేస్తే "నొప్పి మామూలే సార్, ఇంకో మాత్ర వేసుకోండి" అన్నారు. మర్నాడూ అదే మాట. ఆరో రోజు నేరుగా వెళ్తే, పన్ను తీసిన డాక్టర్ వారానికి ఒక్క రోజే వస్తారట! ప్యాకేజీలో రివ్యూ, అంటే తర్వాత మళ్లీ చూడటం, లేదట. కడిగి మందు పెట్టాలంటే ప్రతిసారీ వేరే డబ్బట.

డ్రై సాకెట్ ఎంత జాగ్రత్తగా చేసినా రావచ్చు, కింది జ్ఞానదంతాలకైతే మరీను. దాని గురించి కాదు నా బాధ. నొప్పితో ఉన్న మనిషిని రెండు రోజులు ఫోన్‌లోనే ఆపేశారు. నేను వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ గుంట కడిగి, లవంగం వాసన వేసే మందు పెట్టారు. అరగంటలో ప్రాణం కుదుటపడింది. మూడుసార్లు ఆ మందు మార్చారు. తర్వాత వేడి కాపడం పెట్టుకుంటూ, రోజూ నోరు కొంచెం కొంచెంగా తెరిచే వ్యాయామం చేయించారు.

అందుకే డబ్బు కట్టకముందే అడగండి: తీసేది ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసిన ఓరల్ సర్జనేనా, రోజూ ఉంటారా, రివ్యూ ఈ డబ్బులోనే వస్తుందా, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? ఎక్స్‌రేలో పన్ను వేరు, పెదవికి స్పర్శనిచ్చే నరానికి ఎంత దగ్గరగా ఉందో చూపించమనండి. మర్నాటికీ పెదవి తిమ్మిరి వదలకపోతే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. ఖర్చే ఇబ్బంది అయితే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడ చూపించుకోండి. జ్వరం వచ్చినా, వాపు మెడకు దిగినా, మింగడం గానీ ఊపిరి గానీ కష్టమైనా క్లినిక్ తెరిచేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

నా నోట్లో మూడు వేళ్లు మళ్లీ పట్టింది మొన్ననే. ఎడమవైపుది కూడా తీయాలన్నారు. ఈసారి ఆ రెండో డాక్టర్ దగ్గరే తీయించుకుంటున్నాను. ఐదో రోజు రివ్యూ టైమ్ ముందే కాగితం మీద రాయించుకున్నాను.