పొగాకు చట్టాల డేటాకి స్టేట్ సిస్టమ్: ఏళ్ల తరబడి వాడాక

అమెరికాలో ఏ రాష్ట్రంలో ఏ పొగాకు చట్టం ఎప్పటి నుంచి అమల్లో ఉందో చూడాలంటే అక్కడి కేంద్ర ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ల స్టేట్ సిస్టమ్ అనే ఆన్‌లైన్ డేటాబేస్ ఉంది, ఉచితం. క్యాన్సర్ నివారణ పరిశోధన కోసం చాలా ఏళ్లుగా వాడుతున్నాను, ఈ ఒక్క విషయానికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు.

ముఖ్యంగా నచ్చేది పాత చరిత్ర. 1995 నుంచి మూడు నెలలకోసారి చొప్పున 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ వివరాలు ఉంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ సిగరెట్ మొదలెట్టిన దశాబ్దాలకు గానీ బయటపడదు కదా, ఇప్పుడున్న చట్టం ఒక్కటే తెలిస్తే ఏం లాభం? పైగా చట్టం ఆమోదించిన తేదీ వేరు, అమల్లోకి వచ్చిన తేదీ వేరు. కాలిఫోర్నియానే చూడండి, రెస్టారెంట్లలో పొగ 1995లో ఆగింది, బార్లలో 1998 దాకా ఆగలేదు. మొత్తానికి కలిపి 1995 అని రాసేస్తే బార్లలో పనిచేసినవాళ్లు మూడేళ్లు పీల్చిన పొగ మన లెక్కలోకే రాదు. అందుకే రెస్టారెంట్లు, బార్లు, ఆఫీసులు విడివిడిగా ఇవ్వడం నాకు ప్రాణంతో సమానం.

పెద్ద లోటు ఏంటంటే నగరాల చట్టాలు ఇందులో ఉండవు. టెక్సస్‌కి రాష్ట్రమంతటికీ వర్తించే పొగరహిత చట్టం లేదు, కానీ హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్‌లకు సొంత నిబంధనలున్నాయి. డేటాలో రాష్ట్రం పేరు మీదున్న వరస ఒక్కటే చూసి టెక్సస్‌లో రక్షణే లేదని రాస్తే అన్ని లక్షల మంది విషయంలో తప్పు చెప్పినట్టే. కోర్టు తీర్పులు కూడా చాలావరకు కనపడవు. కాబట్టి అనుమానం వచ్చిన ప్రతిచోటా అసలు చట్టం తీసి చదవండి, డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ని తేదీ వేసి దాచుకోండి.

పొగాకు కాని చట్టాలకైతే అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీ వాళ్ల లాఅట్లాస్ అనే చట్టాల డేటా సైట్ చూడొచ్చు. ఏ ప్రశ్నకి ఏ జవాబు ఎందుకు పెట్టారో కోడ్‌బుక్ ఇస్తారు, అది బాగుంటుంది. డేటా ఏ తేదీ వరకు చెల్లుతుందో మాత్రం ముందే చూసుకోండి.

ఈ తేదీల చిక్కు మన దేశంలోనూ ఉంది. మన దగ్గర గుట్కా నిషేధం ఏడాదికి మించి చెల్లదు, ఆహార భద్రత కమిషనర్ మళ్లీ మళ్లీ ఉత్తర్వు ఇవ్వాలి. ఏ ఉత్తర్వు ఎప్పుడు ముగిసింది, తర్వాతది ఎప్పుడు వచ్చింది, మధ్యలో ఖాళీ ఉందా అన్నది తెలియకుండా నోటి క్యాన్సర్ మీద దాని ప్రభావం కొలవడం కష్టం. ఏపీ, తెలంగాణ ఉత్తర్వులు తేదీలతో సహా ఎవరైనా ఒకచోట చేరుస్తుంటే చెప్పండి, నేనూ వచ్చి పనిచేస్తాను.